అమ్మానాన్నలతో గ్లేసియర్ బే: పెద్ద ఓడా, చిన్న పడవా?

మీ ప్రశ్న ఇదీ: జూలైలో విజయవాడ నుంచి అమ్మానాన్న వస్తున్నారు, ఇద్దరికీ అరవై దాటాయి. అలాస్కాలోని గ్లేసియర్ బే నేషనల్ పార్క్ చూపించాలని మీకు ఉంది. పెద్ద క్రూయిజ్ ఓడలో వెళ్లాలా, లేక పార్క్ పక్కనున్న చిన్న ఊరు గస్టావస్ దాకా విమానంలో వెళ్లి అక్కడి చిన్న పడవ ఎక్కాలా? అసలు ఒక పూట మంచు చూడటానికి అంత దూరం, అంత ఖర్చు అవసరమా?

నేను సియాటిల్ దగ్గర ఉంటాను. ఈ పార్క్‌కు నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి క్రూయిజ్‌లో. తర్వాత రెండుసార్లు గస్టావస్ మీదుగా, అందులో ఒకసారి మా అత్తయ్యను, మామయ్యను తీసుకుని. ఇంకోసారి స్నేహితులతో కయాక్‌లో, అంటే తెడ్లతో నడిపే సన్నటి పడవలో, ఐదు రోజులు. నా సలహా సూటిగా చెబుతాను. మీ వాళ్లు పది నిమిషాలు ఆగకుండా నడవగలిగితే, పడవ మెట్లు ఎక్కి దిగగలిగితే గస్టావస్ వెళ్లండి. కనీసం రెండు రాత్రులు, కుదిరితే మూడు రాత్రులు ఉండండి. మోకాళ్ల నొప్పులు బాగా ఉంటే, తరచూ పడుకోవాల్సి వస్తే క్రూయిజ్ ఎక్కండి, ఏ మాత్రం దిగులు పడకండి. అది కూడా మంచి ప్రయాణమే.

ఇలా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే ముందు ఈ చోటు గురించి కొంచెం చెప్పాలి. చాలామంది దీన్ని మంచు చూసే చోటు అనుకుని వెళతారు, రెండు గంటలు గ్లేసియర్ (కొండల మీంచి మెల్లగా జారే మంచు నది) ముందు నిలబడి ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. మొదటిసారి నేనూ అంతే చేశాను. ఆ రోజు ఓడ లోపలికి వెళ్లిన దారి పొడవునా ఏముందో నాకు తెలియలేదు. గ్లేసియర్ బేలో అసలు విషయమంతా ఆ దారిలోనే ఉంది.

1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వాంకూవర్ దళానికి చెందిన నావికులు ఈ తీరాన్ని కొలుస్తూ వచ్చినప్పుడు ఇక్కడ అఖాతమే లేదు. ఒడ్డు కొంచెం లోపలికి వంగినట్టు ఓ ఐదు మైళ్ల నొక్కు, దాని వెనక మంచు గోడ. ఆ మంచు మందం కొన్నిచోట్ల 4,000 అడుగులకు పైనే, వెడల్పు దాదాపు 20 మైళ్లు. తర్వాత 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ ఇక్కడి ఆదివాసులైన ట్లింగిట్ మనుషుల సాయంతో వాళ్ల పడవలోనే వచ్చి చూసేసరికి ఆ మంచు 40 మైళ్లకు పైగా వెనక్కి పోయింది. 1916 నాటికి ప్రధానమైన గ్లేసియర్, దాని పేరు గ్రాండ్ పసిఫిక్, అఖాతం మూతి నుంచి 65 మైళ్ల లోపలికి జరిగింది. అంటే మనుషులు చూస్తూ, రాసిపెట్టుకుంటూ ఉండగానే దాదాపు వంద కిలోమీటర్ల సముద్రం కొత్తగా తయారైంది.

ఇప్పుడు మీరు పడవలో మూతి దగ్గర బయలుదేరి లోపలికి వెళుతున్నారనుకోండి. బార్ట్‌లెట్ కోవ్ దగ్గర దట్టమైన అడవి, స్ప్రూస్, హెమ్‌లాక్ చెట్లు, వాటి మొదళ్ల నిండా మెత్తటి నాచు. ఇక్కడి నేల మంచు కింద నుంచి బయటపడి రెండు వందల ఏళ్లు దాటింది. ఇంకో గంట పోతే చెట్లు పొట్టివవుతాయి, ఆల్డర్ పొదలు, కాటన్‌వుడ్ కనిపిస్తాయి. ఇంకా లోపలికి పోతే నేలకు అంటుకుని పాకే చిన్న చిన్న మొక్కలు, వాటి మధ్య రాళ్లు. చివరికి గ్లేసియర్ పక్కన ఉత్త బండ, నిన్నగాక మొన్న గీరినట్టు గీతలతో. ఒక్క రోజులో మీరు రెండున్నర శతాబ్దాలు వెనక్కి ప్రయాణం చేస్తారు. నేల ఎలా పుడుతుందో, దాని మీదికి ప్రాణం ఏ వరసలో వస్తుందో ఇంత స్పష్టంగా కనిపించే చోటు నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈ వరసను పట్టుకున్నది విలియం కూపర్ అనే వృక్షశాస్త్రవేత్త. 1916లో ఆయన ఇక్కడ చిన్న చిన్న చదరాలు గీసి, ప్రతి చదరంలో ఏ మొక్క ఎక్కడుందో లెక్క రాసుకున్నాడు. మళ్లీ మళ్లీ వచ్చి అవే చదరాలు చూశాడు. ఆయన తర్వాతి తరాలవాళ్లు వందేళ్లకు కూడా వాటిని వెతికి పట్టుకుని లెక్క కొనసాగించారు. రాతిలో నత్రజని ఉండదు కదా, అక్కడ చెట్టు ఎలా మొలుస్తుంది? మొదట డ్రయాస్ అనే పాకుడు మొక్క, తర్వాత ఆల్డర్ వచ్చి, వాటి వేళ్లలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. మన రైతులు వరి కోసిన పొలంలో పిల్లిపెసర, జనుము చల్లి నేలను బాగుచేసుకున్నట్టే. ఆల్డర్ బాగుచేసిన నేల మీద స్ప్రూస్ పెరుగుతుంది, పెరిగి ఆ ఆల్డర్‌నే నీడతో కప్పేస్తుంది. మా మామయ్య గుంటూరు జిల్లాలో వ్యవసాయం చేసిన మనిషి. ఆ రోజంతా ఆయన గ్లేసియర్ కంటే ఈ ఒడ్డునే ఎక్కువ చూశారు. కూపర్, ఆయనతోపాటు అమెరికా ఎకలాజికల్ సొసైటీ పట్టుబట్టడం వల్లే 1925లో ఇది రక్షిత ప్రాంతమైంది. 1980లో నేషనల్ పార్క్ అయింది.

అందుకే చిన్న పడవ అంటున్నాను. బార్ట్‌లెట్ కోవ్ నుంచి ఉదయం బయలుదేరే ఆ పడవ దాదాపు ఎనిమిది గంటల్లో 130 మైళ్లు తిరిగి వస్తుంది. పార్క్ రేంజర్, అంటే పార్క్‌ను చూసుకునే, వివరాలు చెప్పే ఉద్యోగి, వెంట ఉంటారు. లోపల వెచ్చగా కూర్చునే చోటు, బాత్‌రూమ్, మధ్యాహ్నం తిండి అన్నీ ఉంటాయి. ఒడ్డుకు దగ్గరగా వెళుతుంది, ఎలుగుబంటి కనిపిస్తే ఆగుతుంది. సౌత్ మార్బుల్ అనే చిన్న దీవి దగ్గర సీ లయన్లు (సీల్ లాంటి పెద్ద సముద్ర జంతువులు) గుంపులుగా బండల మీద పడుకుని అరుస్తుంటాయి, ఆ వాసన కూడా మీకు తెలుస్తుంది. నారింజ రంగు ముక్కుల పఫిన్ పక్షులు నీటి మీద రెక్కలు కొట్టుకుంటూ పడవ పక్క నుంచి ఎగిరిపోతాయి. గ్లూమీ నాబ్ అనే కొండ దగ్గర మాత్రం బైనాక్యులర్స్ ఉండాలి, తెల్లటి చుక్కల్లా కనిపించేవి కొండమేకలు. ఒక్కో మనిషికి ఒక్కో జత తీసుకెళ్లండి. ఒకటే ఉంటే, అది చేతికి వచ్చేసరికి జంతువు వెళ్లిపోతుంది.

క్రూయిజ్ ఓడ ఈ పార్క్‌లో ఎక్కడా రేవు పట్టదు. తొమ్మిది పది గంటలు అఖాతంలో తిరిగి వెళ్లిపోతుంది, ఎవరూ నేల మీద కాలు పెట్టరు. రేంజర్లే చిన్న బోటులో వచ్చి నిచ్చెన మీదుగా ఓడలోకి ఎక్కి వివరాలు చెబుతారు. వాళ్లు చాలా బాగా చెబుతారు, మైకులో వాళ్ల మాట మొదలైతే గదిలో కూర్చోకండి. కానీ పదో అంతస్తు నుంచి చూస్తే తిమింగలం కూడా చిన్న చేపలా ఉంటుంది. సీ ఆటర్ (సముద్రపు నీటికుక్క) అయితే నీటిలో తేలే కొమ్మలాగే కనిపిస్తుంది. గ్లేసియర్ మాత్రం పై నుంచి ఇంకా బాగుంటుంది, దాని వెనకాల ఎంత దూరం పాకి వచ్చిందో తెలుస్తుంది. అది ఒప్పుకోవాలి.

వీసా విషయం ఒకటి తప్పకుండా చూసుకోండి. అమెరికాలో విదేశీ జెండాతో నడిచే ఓడలు 1886 నాటి చట్టం ప్రకారం దారిలో వేరే దేశపు రేవును తాకాలి. అందుకే సియాటిల్ నుంచి వెళ్లే అలాస్కా క్రూయిజ్‌లు మామూలుగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి, మరికొన్ని అక్కడి వాంకూవర్ నగరం నుంచే బయలుదేరతాయి. భారతీయ పాస్‌పోర్ట్ ఉన్న పెద్దవాళ్లకు కెనడా వీసా కావాలి. మళ్లీ అమెరికాలోకి రావడానికి వాళ్ల వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. ఇది చివరి వారంలో గుర్తొచ్చి టెన్షన్ పడి, టికెట్లు వదులుకున్నవాళ్లు మాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. సియాటిల్ నుంచి జూనో, అక్కడి నుంచి గస్టావస్ విమానంలో వెళితే మీరు అమెరికా దాటరు, ఈ బాధ లేదు.

గస్టావస్‌కు బయటి నుంచి రోడ్డు లేదు. రాష్ట్ర రాజధాని జూనోకే లేదు. జూనో నుంచి చిన్న విమానంలో అరగంట లోపు. లేదంటే ఫెర్రీ, అది రోజూ ఉండదు, టైం చూసుకోవాలి. గస్టావస్ నుంచి పార్క్ కేంద్రమైన బార్ట్‌లెట్ కోవ్‌కు పది మైళ్ల రోడ్డు. పార్క్ లోపల ఉండటానికి ఒక్కటే లాడ్జ్. గస్టావస్‌లో కొన్ని చిన్న బసలు ఉన్నాయి. జూలై అంటే గదులు ముందే అయిపోతాయి, చలికాలంలోనే బుక్ చేయండి. పార్క్‌లోకి ప్రవేశ రుసుము లేదు, ఖర్చంతా ప్రయాణానికి, బసకు, పడవకు. పొగమంచు, వాన వల్ల చిన్న విమానాలు ఆగిపోవడం మామూలు. మేం అత్తయ్యవాళ్లతో వెళ్లినప్పుడు జూనోలో ఒక రోజంతా విమానాశ్రయంలోనే గడిపాం. అందుకే తిరుగు ప్రయాణంలో ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. మూడు రాత్రులు అనడానికి కూడా కారణం అదే. పడవ రోజున వాన కురిసి ఏమీ కనిపించకపోతే మర్నాడు మళ్లీ ఎక్కవచ్చు.

వాన మాత్రం పడుతుంది. ఇది వానల దేశం. జూలైలో పగలు 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్, గ్లేసియర్ ముందు అంతకంటే చాలా చలి, మంచు మీద నుంచి కిందికి దిగే గాలి ముఖాన కొడుతుంది. నాన్నగారి మంకీ క్యాప్ మర్చిపోవద్దు. అమ్మగారు చీరే కడతానంటే లోపల థర్మల్స్, పైన వాన ఆగే జాకెట్, కాళ్లకు ఉన్ని సాక్సులు, పట్టు జారని బూట్లు. నూలు బట్ట తడిస్తే ఆరదు, అది కింద పొరగా వేయకండి. శాకాహారులైతే లాడ్జ్‌లో ఏదో ఒకటి దొరుకుతుంది కానీ రకాలు తక్కువ. కందిపొడి, ఊరగాయ, వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా పొట్లాలు తీసుకెళ్లండి. తిండి మాత్రం గదిలోనే ఉంచుకోండి, బల్ల మీద వదిలి వెళ్లకండి. అక్కడ ఎలుగుబంట్లు నిజంగా తిరుగుతాయి.

కయాక్ ప్రయాణంలో తిండి విషయమే మాకు పెద్ద పాఠం. క్యాంపింగ్‌కు ముందు రేంజర్ల దగ్గర తరగతి తప్పనిసరి. తిండంతా ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాల్లో పెట్టాలి. వంట, భోజనం గుడారానికి దూరంగా, ఆటుపోట్ల మధ్య నేల మీదే చేయాలి. ఆరు గంటల తర్వాత పోటు వచ్చి మెతుకులు, వాసన అన్నీ కడిగేస్తుంది. ఇక్కడ ఆటుకు, పోటుకు మధ్య తేడా 25 అడుగుల దాకా ఉంటుంది. పులిహోర తిన్న రాయి సాయంత్రానికి నీటి అడుగున ఉండేది. అమ్మానాన్నలతో ఇది వద్దు. మీరు ఎప్పుడైనా విడిగా వస్తే మాత్రం తప్పక చేయండి.

ఇక గ్లేసియర్ దగ్గర ఏం చూడాలి? పడవ టార్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ చివర ఆగుతుంది. ఎడమవైపు మార్జరీ అనే గ్లేసియర్, నీలంగా, దాదాపు ఒక మైలు వెడల్పు, నీటి పైన 250 అడుగుల ఎత్తు. నీలం ఎందుకంటే, ఏళ్ల తరబడి బరువుకు నలిగిన మంచులో గాలి బుడగలు పోయి గట్టిపడుతుంది, అది వెలుగులోని ఎరుపును పీల్చుకుని నీలాన్ని వదులుతుంది. అందరూ దాని ఫోటోలే తీస్తారు. దాని పక్కనే, మట్టీ రాళ్లూ కప్పిన నల్లటి దిబ్బలాంటిది ఒకటి కనిపిస్తుంది, దాన్ని గ్లేసియర్ అని చాలామంది గుర్తించరు. అదే గ్రాండ్ పసిఫిక్. మీరు పొద్దుటి నుంచి ప్రయాణించిన ఆ అఖాతమంతా నిండి ఉన్న మంచులో మిగిలింది అది. దాని వైపు ఐదు నిమిషాలు చూడమని అమ్మానాన్నలకు చెప్పండి.

మంచు విరిగిపడుతుందేమోనని అందరూ కెమెరా పట్టుకుని ఎదురుచూస్తారు. పడవ పావు మైలు దూరానికి తగ్గకుండా ఆగుతుంది కాబట్టి, ముందు ముక్క జారడం కనిపిస్తుంది, నీళ్లు ఎగుస్తాయి, ఆ తర్వాత చప్పుడు వస్తుంది. ట్లింగిట్ వాళ్లు దీన్ని తెల్లటి ఉరుము అంటారు. చప్పుడు విన్నాక కెమెరా తిప్పితే ఆలస్యమే. ఒక్కసారి కెమెరా కింద పెట్టి చూడండి.

ఇంతకూ ఈ మంచు భూమి వేడెక్కడం వల్లే పోయిందా అని మీ నాన్నగారు అడుగుతారు, అందరూ అడుగుతారు. సూటిగా అవును అంటే తప్పవుతుంది. చిన్న మంచుయుగం (కొన్ని శతాబ్దాలు చలి ఎక్కువైన కాలం) ముగిసే దశలో, 1750 తర్వాత మొదలైన వెనకడుగు ఇది. సముద్రంలోకి దిగే గ్లేసియర్లకు తమదంటూ ఒక తీరు ఉంది. ముందు తోసుకొచ్చిన రాళ్ల దిబ్బ మీద ఆనుకుని ఉన్నంత కాలం నిలబడతాయి. దాని మీద నుంచి ఒకసారి వెనక్కి జారి లోతు నీళ్లలో పడితే, ఇక ఆగకుండా విరిగిపోతూ పోతాయి. ఇదే పార్క్‌లో జాన్స్ హాప్కిన్స్ గ్లేసియర్ దశాబ్దాల పాటు ముందుకే వచ్చింది. కానీ ఈ మాట అడ్డుపెట్టుకుని వాతావరణ మార్పు లేదనడం ఇంకా పెద్ద తప్పు. మ్యూర్ గ్లేసియర్‌ను 1941లో, 2004లో ఒకే చోట నుంచి తీసిన రెండు ఫోటోలు ఉన్నాయి. ఆ మధ్య కాలంలో అది 12 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది, మందం 800 మీటర్లకు పైగా తగ్గింది, మొదటి ఫోటోలో మంచు ఉన్నచోట రెండో ఫోటోలో నీళ్లు. చాలాకాలం నిలకడగా ఉన్న మార్జరీ కూడా ఈమధ్య తగ్గుతోంది. నేను మొదటిసారి చూసినదానికీ చివరిసారి చూసినదానికీ తేడా నా కంటికే తెలిసింది. ఆ రోజు నాకు చాలా బాధేసింది.

పడవ లేని రోజున బార్ట్‌లెట్ కోవ్‌లోనే ఉండండి. అడవిలో ఒక మైలు చుట్టుదారి ఉంది, కొంత దూరం చెక్క బాట, పెద్దవాళ్లు నెమ్మదిగా నడవగలరు. దారి దగ్గరే ఒక హంప్‌బ్యాక్ తిమింగలం అస్థిపంజరం నిలబెట్టారు, 45 అడుగుల పొడవు. దాని పేరు స్నో. 1975 నుంచి పరిశోధకులకు తెలిసిన తిమింగలం. 2001లో ఒక క్రూయిజ్ ఓడ తగిలి చనిపోయింది, అప్పుడది కడుపుతో ఉంది. ఈ అఖాతంలోకి రోజుకు రెండు క్రూయిజ్ ఓడలకు మించి రానివ్వరు. తిమింగలాలు ఎక్కువగా ఉన్న నీళ్లలో వేగాన్ని 13 నాట్లకు (గంటకు దాదాపు 24 కిలోమీటర్లకు) తగ్గిస్తారు. ఆ నియమాలు ఎందుకో ఆ ఎముకల ముందు నిలబడితే తెలుస్తుంది. సంతోషించాల్సిన లెక్క కూడా ఒకటుంది. చర్మం కోసం వేటాడి తుడిచిపెట్టిన సీ ఆటర్లను 1960లలో ఆగ్నేయ అలాస్కాకు మళ్లీ తెచ్చి వదిలారు. 1990ల మొదట్లో ఈ అఖాతంలో ఒక్కటీ లేదు, 2012 నాటికి ఎనిమిది వేలు దాటాయి. ఇప్పుడు వెల్లకిలా తేలుతూ, పిల్లను పొట్ట మీద పెట్టుకుని, పడవ వెళ్లిన ప్రతిచోటా కనిపిస్తాయి.

అక్కడే హూనా ట్లింగిట్ వాళ్ల ఇల్లు ఉంది, దాన్ని వదలొద్దు. మంచు ముందుకు రాకముందు ఇది వాళ్ల ఊరు. వాళ్ల పెద్దలు చెప్పే కథలో, పెద్దమనిషి అయిన ఒక పిల్లను ఆచారం ప్రకారం విడిగా కూర్చోబెడతారు. ఒంటరితనం భరించలేక ఆ పిల్ల కుక్కను పిలిచినట్టు గ్లేసియర్‌ను పిలుస్తుంది. అది వచ్చి ఊరిని ముంచుతుంది. అందరూ పడవలెక్కి పోతారు, ఒక్క ఆడమనిషి మాత్రం అక్కడే ఉండిపోతుంది. మా అత్తయ్య ఈ కథ విని చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల ఊళ్లో తనను కూడా అలాగే గదిలో కూర్చోబెట్టారట, తాటాకు చాప మీద, పదకొండు రోజులు. మంచు పోయాక కూడా పార్క్ నిబంధనల వల్ల ట్లింగిట్లకు తమ నేల చాలాకాలం దూరమైంది, పక్షి గుడ్లు ఏరుకునే పాత అలవాటు కూడా నేరమైంది. 2016 ఆగస్టులో ఈ సామూహిక గృహం తెరిచిన రోజున హూనా ఊరి నుంచి చెక్కుడు దుంగ పడవల్లో తెడ్లు వేసుకుంటూ వచ్చారు. లోపల దేవదారు చెక్క వాసన, గోడ నిండా చెక్కిన వంశాల గుర్తులు. ఎవరైనా ట్లింగిట్ మనిషి మాట్లాడే సమయం బోర్డు మీద రాసి ఉంటుంది, ఆ సమయానికి వెళ్లండి.

ఆ సాయంత్రం భోజనం అయ్యాక అమ్మానాన్నలను రేవు దగ్గరి బెంచీకి తీసుకెళ్లండి. జూలైలో పది దాకా వెలుతురు ఉంటుంది. గాలి లేకపోతే నీళ్లు కదలవు. కాసేపటికి దూరంగా ఎక్కడో బరువైన ఊపిరి ఒకటి వదిలినట్టు వినిపిస్తుంది. ఎటు నుంచో తెలియదు. మా మామయ్య మొదట ఏదో పడవ ఇంజన్ అనుకున్నారు. రెండోసారి విన్నాక చేతికర్ర పక్కన పెట్టి, చలి కోటు గుండీలు పెట్టుకుని, మూడోదాని కోసం కూర్చున్నారు.